టేబుల్ సా, కట్టర్, గ్రైండర్.. గార్డు తీసేసి వాడుతున్నారా? రెప్పపాటులో వేళ్లు పోతాయ్.. ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

కొత్త ఫ్లాట్‌లో ఇంటీరియర్ వర్క్ నడుస్తోంది. హాల్లో రెండు స్టాండ్ల మీద ఒక ప్లైవుడ్ ముక్క. దాని కింద తలకిందులుగా బిగించిన కట్టర్. ప్లైవుడ్‌కి మధ్యలో కోసిన సందులోంచి బ్లేడ్ పైకి వచ్చి గిర్రున తిరుగుతోంది. బ్లేడ్ మీద కవర్ లేదు. పక్కన గైడ్ లేదు. వైర్‌కి ప్లగ్ కూడా లేదు. రెండు తీగలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించారు. కార్పెంటర్ మాత్రం సన్నటి బీడింగ్ ముక్కల్ని ఉత్త చేత్తోనే బ్లేడ్ మీదికి తోస్తున్నాడు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఏ ఊళ్లో కొత్త అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ఇలాంటి సీన్ కొత్తేం కాదు. జాగ్రత్త అని ఎవరైనా అంటే వచ్చే సమాధానం కూడా అందరికీ తెలిసిందే. 'ఇన్నేళ్ల నుంచి చేస్తున్నాం సార్, చెయ్యి అలవాటైపోయింది, ఏం కాదు' అంటారు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. పవర్ రంపం దగ్గర చేతిని కాపాడేది అలవాటు కాదు, మెషిన్ అమరిక. గార్డు, గైడ్, తోసే కర్ర, స్విచ్.. ఇవి సరిగ్గా ఉంటే కొత్తవాళ్లయినా సేఫ్‌గా పని చేయొచ్చు. ఇవి లేకపోతే ఎంత సీనియర్ మేస్త్రీ అయినా రిస్క్‌లో ఉన్నట్టే. ఎందుకో, ఏం చేయాలో వివరంగా చూద్దాం.

చెయ్యి వెనక్కి లాగేంత టైమ్ ఉండదు

'బ్లేడ్ తగిలితే వెంటనే లాగేసుకుంటాం' అని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే అది ఎంత అసాధ్యమో అర్థమవుతుంది.

టేబుల్ సాలో సాధారణంగా 10 అంగుళాల బ్లేడ్ ఉంటుంది. అది నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుందనుకుంటే, బ్లేడ్ అంచు వేగం గంటకు దాదాపు 190 కిలోమీటర్లు. బ్లేడ్‌కి 40 పళ్లు ఉంటే సెకనుకి 2,600కి పైగా పళ్లు ఒకే చోటు మీదుగా వెళ్తాయి.

మనిషి ఏదైనా గమనించి కదలడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఆ 0.2 సెకనులో 500కి పైగా పళ్లు వేలి మీదుగా వెళ్లిపోతాయి. అంటే నొప్పి తెలిసేలోపే జరగాల్సింది జరిగిపోతుంది.

చిన్న మెషిన్ అయితే ప్రమాదం తక్కువ అనుకుంటే పొరపాటే. 4 అంగుళాల కట్టర్ బ్లేడ్ నిమిషానికి 13,000 చుట్ల దాకా తిరుగుతుంది. దాని అంచు వేగం గంటకు సుమారు 250 కిలోమీటర్లు. అంటే పెద్ద టేబుల్ సా కంటే ఎక్కువ!

అమెరికాలో వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ అంచనా ప్రకారం టేబుల్ సా బ్లేడ్ తగిలి గాయపడేవాళ్లు ఏటా సుమారు 30 వేల మంది. గార్డుతో సహా ఫ్యాక్టరీలో తయారైన మెషిన్లు వాడే దేశంలోనే పరిస్థితి ఇలా ఉంది.

తలకిందుల కట్టర్.. అసలు డేంజర్ ఇదే

ఫ్యాక్టరీ నుంచి వచ్చే టేబుల్ సాకి కొన్ని భాగాలు తప్పనిసరిగా ఉంటాయి. బ్లేడ్ మీద కవర్, అంటే గార్డు. బ్లేడ్ వెనకాల నిలబడే సన్నటి ఇనుప రేకు, దీన్నే రైవింగ్ నైఫ్ అంటారు. చెక్క ఆనుకుని తిన్నగా జరగడానికి ఫెన్స్, మనవాళ్ల భాషలో గైడ్. ముందువైపు చేతికి, అవసరమైతే మోకాలికి కూడా అందేలా పెద్ద ఆఫ్ స్విచ్.

సైట్‌లో తయారుచేసుకునే తలకిందుల కట్టర్‌కి వీటిలో ఒక్కటీ ఉండదు. చేత్తో పట్టుకుని వాడాల్సిన మెషిన్‌ని తిప్పి బిగించడంతో దాని సొంత గార్డు కూడా పని చేయదు. స్విచ్ ఆన్‌లోనే లాక్ అయి ఉంటుంది. ఆఫ్ చేయాలంటే బల్ల కిందికి చెయ్యి పెట్టాలి, లేదా గోడ సాకెట్ దాకా వెళ్లాలి. ఏదైనా తేడా వచ్చిన క్షణంలో ఈ రెండూ జరిగే పని కాదు.

ఇంకో విషయం. చాలాచోట్ల వాడేది టైల్స్, మార్బుల్ కోయడానికి తయారైన కట్టర్. రాయి కోసే డైమండ్ బ్లేడ్‌కి పళ్లు ఉండవు. అదే మెషిన్‌కి పళ్ల బ్లేడ్ బిగిస్తే చెక్కని కొరికి పట్టుకుంటుంది, లాగుతుంది, విసిరేస్తుంది.

కాబట్టి రోజూ చెక్క కోసే పని ఉంటే మొదటి జాగ్రత్త.. గార్డు, రైవింగ్ నైఫ్ ఉన్న పోర్టబుల్ టేబుల్ సా కొనడం లేదా అద్దెకి తెచ్చుకోవడం. అది కుదరకపోతే పెద్ద షీట్లని షాపులోనే ప్యానల్ సా మీద సైజులకి కోయించుకుని సైట్‌కి తెచ్చుకోవచ్చు. లేదంటే షీట్‌ని కదలకుండా క్లాంప్ చేసి, గైడ్ పట్టీ బిగించి, సర్క్యులర్ సాని నిటారుగానే నడపాలి. కట్టర్‌ని తలకిందులు చేయడం మాత్రం వద్దు.

చెక్క ఎదురు తన్నడం అంటే ఏంటి?

టేబుల్ సా ప్రమాదాల్లో పెద్ద విలన్ కిక్‌బ్యాక్. అంటే కోస్తున్న చెక్క ఒక్కసారిగా మనిషి మీదికి తిరిగి ఎగరడం.

ఇది ఎలా జరుగుతుందంటే.. బ్లేడ్ ముందుభాగంలో పళ్లు కిందికి దిగుతాయి. అక్కడ చెక్క బల్లకి అదుముకుని ఉంటుంది. వెనకభాగంలో పళ్లు పైకి లేస్తాయి. కోసిన చెక్క ఆ వెనక పళ్లకి ఒరుసుకుంటే చాలు, అవి దాన్ని పైకి లేపి మనిషి వైపు విసిరేస్తాయి.

చెక్క వెనక పళ్లకి ఎందుకు తగులుతుంది? ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి, గైడ్ బ్లేడ్‌కి సమాంతరంగా లేకుండా వెనకవైపు దగ్గరికి రావడం. రెండు, పచ్చి కలప లేదా మెలి ఉన్న కలప కోస్తుంటే కోత మధ్యలోనే మూసుకుపోయి బ్లేడ్‌ని పట్టేయడం. మూడు, గైడ్ లేకుండా ఉత్త చేత్తో తోస్తుంటే చెక్క కాస్త వంకర తిరగడం.

ఎగిరిన చెక్క కడుపుకో, ఛాతీకో తగలడం ఒక ప్రమాదం. అంతకంటే దారుణం ఇంకోటి ఉంది. చెక్క ఎగిరిపోగానే దాన్ని తోస్తున్న చేతికి ఆనిక పోతుంది. ఆ ఊపులో చెయ్యి నేరుగా బ్లేడ్ మీదికి జారుతుంది. 'చెయ్యి దూరంగానే పెట్టా, ఎలా తగిలిందో తెలీదు' అని గాయపడినవాళ్లు చెప్పడానికి కారణం చాలాసార్లు ఇదే.

దీన్ని ఆపేది రైవింగ్ నైఫ్. బ్లేడ్‌కి వెనకాల 8 మిల్లీమీటర్ల లోపు దూరంలో నిలబడి, కోసిన సందు మూసుకుపోకుండా, చెక్క వెనక పళ్ల మీదికి జరగకుండా చూస్తుంది. చూడటానికి చిన్న రేకు ముక్కే. పని మాత్రం కంటికి రెప్ప లాంటిది.

గార్డు ఎందుకు తీసేస్తున్నారు?

కొత్త మెషిన్ డబ్బా విప్పగానే చాలామంది మొదట చేసే పని గార్డు ఊడదీయడం. గీత కనిపించట్లేదని, సన్న ముక్కలు కోయడానికి అడ్డం వస్తోందని, పొట్టు ఇరుక్కుంటోందని అంటారు. చదరపు అడుగు లెక్కన కాంట్రాక్టు పని. రోజుకి ఎంత ఎక్కువ కోస్తే అంత డబ్బు. అందుకే అడ్డం అనిపించిందల్లా పక్కకి వెళ్లిపోతుంది.

ఈ ఇబ్బందులు నిజమే. కానీ ప్రతిదానికీ దారి ఉంది. గీత కనిపించకపోతే గైడ్‌కి స్కేల్ పెట్టి సెట్ చేసుకోవాలి, అప్పుడు గీత చూడాల్సిన పనే లేదు. పొట్టు పేరుకుంటే మెషిన్ ఆపి, ప్లగ్ తీసి బ్రష్‌తో దులపాలి. సన్న ముక్కలు కావాలంటే పుష్ స్టిక్ వాడాలి.

ఒకే రకం గాడి పని కోసం గార్డు తీయాల్సి వచ్చినా, ఆ కోత అవ్వగానే మళ్లీ బిగించాలి. రైవింగ్ నైఫ్ మాత్రం చెక్కని రెండుగా కోసే ఏ పనిలోనూ తీయకూడదు.

పుష్ స్టిక్ అంటే పెద్ద ఖర్చేం కాదు. మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కని అడుగున్నర పొడవున కోసి, చివర చెక్కని పట్టుకునేలా చిన్న గాటు పెడితే చాలు. పొరపాటున బ్లేడ్ తగిలినా తెగేది ఆ ముక్క, వేలు కాదు. మెషిన్ పక్కనే రెండు ఎప్పుడూ రెడీగా ఉంచుకోవాలి. చెయ్యి, బ్లేడ్ మధ్య అర అడుగు కంటే తక్కువ దూరం వస్తుందనుకుంటే వెంటనే పుష్ స్టిక్ అందుకోవాలి.

స్విచ్ వేసే ముందు చూడాల్సినవి

* బ్లేడ్‌కి పగుళ్లు, ఊడిన పళ్లు ఉన్నాయా? ఉంటే పారేయాల్సిందే.
* బ్లేడ్ మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం, మెషిన్ ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే బిగించొద్దు.
* మొండి బ్లేడ్‌తో కోయొద్దు. చెక్కని ఎక్కువ బలంగా తోయాల్సి వస్తుంది. అలా తోసినప్పుడే చెయ్యి జారుతుంది. చెక్క మాడిన వాసన వస్తుంటే బ్లేడ్ మొద్దుబారిందని, లేదా గైడ్ వంకరగా ఉందని అర్థం.
* బ్లేడ్ ఎత్తు చెక్క మందం కంటే ఒక పన్ను మేర ఎక్కువ ఉంటే చాలు. అనవసరంగా పైకి లేపితే అంత బ్లేడ్ బయట కనిపిస్తున్నట్టే.
* పాత తలుపులు, దూలాలు కోస్తున్నారా? ముందు మేకులు, స్క్రూలు వెతికి తీసేయాలి. బ్లేడ్‌కి మేకు తగిలితే పన్ను విరిగి తూటాలా ఎగురుతుంది.
* కాళ్ల దగ్గర ముక్కలు, వైర్లు, పొట్టు లేకుండా ఊడ్చాలి. పొట్టు మీద జారి బ్లేడ్ మీద పడినవాళ్లూ ఉంటారు.
* బ్లేడ్ మార్చేటప్పుడు, ఎత్తు సెట్ చేసేటప్పుడు స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు. ప్లగ్ పీకేయాలి.

కోసేటప్పుడు..

బ్లేడ్‌కి సరిగ్గా ఎదురుగా నిలబడొద్దు, కాస్త పక్కకి నిలబడాలి. చెక్క ఎగిరినా ఒంటికి తగిలే ప్రమాదం తగ్గుతుంది. పొడవుగా చీల్చేటప్పుడు గైడ్ వాడాలి. అడ్డంగా కోసేటప్పుడు మైటర్ గేజ్ వాడాలి. అడ్డంగా ముక్క తెంచేటప్పుడు రెండూ కలిపి వాడితే తెగిన ముక్క గైడ్‌కి, బ్లేడ్‌కి మధ్య ఇరుక్కుని ఎగిరే ప్రమాదం ఉంది. రెండూ లేకుండా ఉత్త చేత్తో మాత్రం అస్సలు కోయొద్దు.

తెగిపడిన చిన్న ముక్కల్ని తిరుగుతున్న బ్లేడ్ పక్కనుంచి చేత్తో తీయడం చాలామందికి అలవాటు. ఆ ముక్క విలువ ఎంత? స్విచ్ ఆపి, బ్లేడ్ పూర్తిగా ఆగాకే తీయాలి. స్విచ్ ఆపాక కూడా బ్లేడ్ కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుందని మర్చిపోవద్దు.

పెద్ద షీట్ కోసేటప్పుడు అవతల హెల్పర్ ఉంటే, అతను బరువు మోయాలి తప్ప చెక్కని లాగకూడదు. తోసేది, వేగం చూసుకునేది ఒక్కరే. హెల్పర్ లాగితే ఇవతల ఉన్నాయన చెయ్యి బ్లేడ్ మీదికి వస్తుంది.

కోత మధ్యలో ఫోన్ మోగితే వదిలేయండి. మద్యం తాగి గానీ, నిద్ర మత్తు వచ్చే మందులు వేసుకుని గానీ మెషిన్ ముట్టుకోవద్దు. రేపు గృహప్రవేశం అని రాత్రంతా పని చేయించడం కూడా ఇలాంటిదే. అలసిన కన్ను, అలసిన చెయ్యి తాగినవాడి చేతి లాంటివే.

గ్లవ్స్ వేసుకోవాలా? వద్దా?

ఇది చాలామందికి ఉన్న డౌట్. సమాధానం.. తిరుగుతున్న బ్లేడ్, డ్రిల్ బిట్ దగ్గర గ్లవ్స్ వద్దు. పళ్లకి గుడ్డ పోగు చిక్కితే గ్లవ్‌తో పాటు చెయ్యిని కూడా లోపలికి లాగేస్తుంది. షీట్లు మోసేటప్పుడు, ఆగి ఉన్న బ్లేడ్ మార్చేటప్పుడు వేసుకోవచ్చు.

ఇదే కారణంతో పొడుగు చేతుల వదులు చొక్కా, మెడలో తువ్వాలు, చేతికి కంకణాలు, ఉంగరాలు, దారాలు, వాచీ తీసి పక్కన పెట్టాలి. జుట్టు పొడుగ్గా ఉంటే ముడి వేసుకోవాలి. చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని పని చేయాలి.

కళ్లకి సేఫ్టీ గ్లాసెస్ తప్పనిసరి. మామూలు కళ్లద్దాలు ఆ పని చేయవు. ఇక చెవుల సంగతి. రోజుకి 8 గంటలు వినగలిగే శబ్దానికి పరిమితి 85 డెసిబుల్స్ అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతోంది. శబ్దం 100 డెసిబుల్స్‌కి చేరితే ఆ టైమ్ 15 నిమిషాలకి పడిపోతుంది. రంపం మెషిన్లు ఈ స్థాయిలో అరవడం మామూలే. ఇయర్ ప్లగ్స్ ఖరీదు చాలా తక్కువ. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.

చెక్క పొట్టుని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. ముఖ్యంగా ముక్కు లోపలి క్యాన్సర్‌కి దీనితో సంబంధం ఉంది. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు. ఎన్95 లాంటి మాస్క్ పెట్టుకోవాలి. గదిలో కిటికీలు తెరవాలి.

కరెంట్ పోయి వస్తే..

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన ప్రమాదం ఇది. కోస్తుండగా కరెంట్ పోతుంది. మెషిన్ ఆగిపోతుంది. స్విచ్ ఆన్‌లోనే ఉందన్న సంగతి మర్చిపోయి బ్లేడ్ మీద ఇరుక్కున్న ముక్క తీస్తుంటారు. సరిగ్గా అప్పుడే కరెంట్ వస్తే? బ్లేడ్ తిరగడం మొదలవుతుంది, చెయ్యి దాని మీదే ఉంటుంది.

అందుకే కరెంట్ పోగానే మొదట స్విచ్ ఆఫ్ చేయాలి, ప్లగ్ తీయాలి. మెషిన్ కొనేటప్పుడు 'నో వోల్ట్ రిలీజ్' స్విచ్ ఉందో లేదో అడగండి. ఇది ఉంటే కరెంట్ తిరిగి వచ్చినా మళ్లీ బటన్ నొక్కేదాకా మెషిన్ తిరగదు.

అగ్గిపుల్లలతో తీగలు బిగించడం కూడా ఆపాలి. అలా పెట్టినప్పుడు ఎర్త్ కనెక్షన్ ఉండదు, తీగ ఊడి షాక్ కొట్టే అవకాశం ఎక్కువ. మూడు పిన్నుల ప్లగ్ ఉన్న మెషిన్‌కి ఎర్త్ ఉన్న సాకెటే వాడాలి. రెండు పిన్నులే ఉన్న మెషిన్ మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉందేమో చూడాలి. అది డబుల్ ఇన్సులేషన్ గుర్తు, అలాంటి వాటికి ఎర్త్ అవసరం లేదు.

సైట్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంట్ మనిషి ఒంట్లోంచి భూమిలోకి లీక్ అవుతుంటే క్షణంలో సప్లై కట్ చేసేది అదే. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైర్‌ని చుట్ట చుట్టి ఉంచి పెద్ద మెషిన్ నడిపితే వేడెక్కి కాలిపోతుంది. వైర్ పూర్తిగా విప్పి, బ్లేడ్ దారిలో పడకుండా చూసుకోవాలి.

గ్రైండర్‌కి రంపం బ్లేడా? అస్సలు వద్దు

4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఇనుము కోయడానికి, అరగదీయడానికి తయారైన మెషిన్. దానికి చెక్క కోసే పళ్ల బ్లేడ్ బిగించి వాడటం పెద్ద రిస్క్. గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. పళ్లు చెక్కలో పట్టుకుంటే మెషిన్ మొత్తం చేతిలోంచి ఎగిరి ముఖం మీదికో, తొడ మీదికో వస్తుంది.

గార్డు తీసేసి 4 అంగుళాల గ్రైండర్‌కి 7 అంగుళాల డిస్క్ బిగించడం ఇంకో తప్పు. 7 అంగుళాల డిస్క్ దాదాపు 8,500 ఆర్‌పీఎం వరకే తట్టుకునేలా తయారవుతుంది. దాన్ని 11,000 ఆర్‌పీఎంలో తిప్పితే ముక్కలై పేలిపోవచ్చు.

డిస్క్ మధ్యలో ఉన్న ఇనుప రింగ్ మీద చాలా కంపెనీలు ఎక్స్‌పైరీ తేదీ ముద్రిస్తాయి. జిగురుతో అతికించిన డిస్క్ కాలం గడిచాక, తేమ తగిలాక బలహీనపడుతుంది. తేదీ దాటినవి, కింద పడినవి, అంచు విరిగినవి వాడొద్దు. కొత్త డిస్క్ బిగించాక అర నిమిషం ఖాళీగా తిప్పి చూడాలి, ఆ టైమ్‌లో దాని ఎదురుగా ఎవరూ ఉండకూడదు. సన్నటి కటింగ్ డిస్క్‌ని పక్కకి వంచి అరగదీయడానికి వాడొద్దు. నిప్పురవ్వలు ఎగిరే వైపు థిన్నర్, పాలిష్ డబ్బాలు, చెక్క పొట్టు లేకుండా చూసుకోవాలి.

ఇక ఇంట్లో చాలామంది వాడే డ్రిల్ మెషిన్. చిన్న ముక్కని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రంధ్రం వేయొద్దు, క్లాంప్ చేయాలి. చక్ కీ తీశాకే స్విచ్ వేయాలి. గోడకి డ్రిల్ చేసే ముందు స్విచ్ బోర్డుకి నేరుగా పైన, కింద, పక్కన వైర్లు వెళ్తుంటాయని గుర్తుంచుకోండి.

వేలు తగిలితే ఆగిపోయే రంపం

వేలు తగలగానే ఆగిపోయే టేబుల్ సా కూడా ఉంది. అమెరికాకి చెందిన స్టీఫెన్ గాస్ 1999లో దీన్ని కనిపెట్టారు. ఆయన ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసిన పేటెంట్ లాయర్. తర్వాత సా‌స్టాప్ పేరుతో ఈ మెషిన్లు మార్కెట్‌లోకి వచ్చాయి.

ఇది ఎలా పని చేస్తుందంటే.. బ్లేడ్‌లోకి చిన్న ఎలక్ట్రికల్ సిగ్నల్ పంపిస్తారు. మనిషి శరీరానికి కరెంట్ ప్రవహించే గుణం ఉంది కాబట్టి వేలు తగిలితే ఆ సిగ్నల్ మారుతుంది. వెంటనే స్ప్రింగ్‌తో ఒక అల్యూమినియం దిమ్మ బ్లేడ్ పళ్లలోకి దూసుకెళ్తుంది. 5 మిల్లీ సెకన్ల లోపే బ్లేడ్ ఆగిపోయి బల్ల కిందికి పడిపోతుంది. వేలికి చిన్న గాటుతో సరిపోతుంది. డెమోల్లో వేలి బదులు హాట్‌డాగ్ పెట్టి చూపించడంతో ఇది బాగా పాపులర్ అయింది.

దీనికీ పరిమితులున్నాయి. ఒకసారి బ్రేక్ పడితే ఆ బ్రేక్ కార్ట్రిడ్జ్ మార్చాలి, బ్లేడ్ కూడా సాధారణంగా పాడవుతుంది. బాగా తడిగా ఉన్న చెక్క కోస్తే అనవసరంగా బ్రేక్ పడొచ్చు. ధర కూడా మామూలు మెషిన్ల కంటే ఎక్కువే. పైగా చెక్క ఎగిరి తగిలే ప్రమాదాన్ని ఇది ఆపలేదు. అంటే ఈ మెషిన్ ఉన్నా గార్డు, రైవింగ్ నైఫ్ ఉండాల్సిందే.

వేలు తెగితే.. ఈ తప్పులు చేయొద్దు

కంగారులో చేసే తప్పుల వల్లే అతికించగలిగే వేలు కూడా పనికిరాకుండా పోతుంది. వరుసగా ఇలా చేయాలి.

1. మెషిన్ ఆపి ప్లగ్ పీకేయాలి. 108కి ఫోన్ చేయాలి.
2. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టాలి. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కాలి.
3. పసుపు, కాఫీ పొడి, సున్నం లాంటివి పెట్టొద్దు. డాక్టర్లు వాటిని కడిగి తీయడానికే టైమ్ పోతుంది, ఇన్ఫెక్షన్ రిస్క్ పెరుగుతుంది.
4. తెగిన వేలిని వెతికి తీసుకోవాలి. మురికి ఉంటే సెలైన్ లేదా శుభ్రమైన నీళ్లతో మెల్లగా కడగాలి. రుద్దొద్దు.
5. తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి గట్టిగా కట్టాలి. ఆ కవర్‌ని ఐస్, నీళ్లు ఉన్న ఇంకో కవర్‌లో లేదా డబ్బాలో పెట్టాలి.
6. వేలిని నేరుగా ఐస్ మీద గానీ, ఐస్ నీళ్లలో గానీ వేయొద్దు. మంచు తగిలి కణాలు చచ్చిపోతాయి.
7. కొంచెం చర్మంతో వేలాడుతుంటే తెంపేయొద్దు. అలాగే కదలకుండా కట్టి తీసుకెళ్లాలి.
8. పేషెంట్‌కి టీ, నీళ్లు, భోజనం ఇవ్వొద్దు. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

చల్లగా ఉంచిన వేలిని 24 గంటల వరకు కూడా అతికించే అవకాశం ఉంటుంది. మామూలు వేడిలో అయితే ఆ టైమ్ సుమారు 12 గంటలు. మణికట్టు పైన తెగితే కండరం ఎక్కువ ఉంటుంది కాబట్టి టైమ్ ఇంకా తక్కువ, 6 గంటల లోపే చేరాలి. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. అందుకే 'ఇక లాభం లేదులే' అని వేలిని పారేయొద్దు. అతికించాలా వద్దా అనేది డాక్టరే చెప్పాలి.

వేలు అతికించే ఆపరేషన్ అన్ని హాస్పిటల్స్‌లో జరగదు. ప్లాస్టిక్ సర్జరీ, మైక్రో సర్జరీ చేసేచోటే సాధ్యం. మీకు దగ్గర్లో అలాంటి హాస్పిటల్ ఏదో పని మొదలుపెట్టే రోజే కనుక్కుని, నంబర్ గోడ మీద రాసి పెట్టుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం ఉండదు.

గార్డు తీసేస్తే పరిహారం కూడా పోవచ్చు

ఇది చాలామంది కార్మికులకి తెలియని విషయం. పనిలో జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం చెప్పింది. ఈ చట్టాన్ని 2020 నాటి సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిపారు.

1923 చట్టం పట్టికలో ఏ వేలు పోతే సంపాదించే శక్తి ఎంత తగ్గినట్టో లెక్క ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. మధ్యవేలు 12 శాతం. ఉంగరం వేలు లేదా చిటికెనవేలు 7 శాతం. కాగితం మీద శాతాలు ఇలా ఉన్నా, ఉలి పట్టుకునే వడ్రంగికి బొటనవేలు లేకపోతే పనే లేదు.

అదే చట్టంలో ఇంకో మెలిక ఉంది. రక్షణ కోసం ఇచ్చిన గార్డుని కార్మికుడు తెలిసి తెలిసీ తీసేయడం వల్లే గాయమైతే, యజమాని పరిహారం ఇవ్వాల్సిన అవసరం లేదు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం సంభవించిన కేసులకి మాత్రమే మినహాయింపు. అంటే గార్డు తీసేసిన రోజు వేలితో పాటు, ఆ వేలికి రావాల్సిన డబ్బు కూడా రిస్క్‌లో పడుతుంది. అసలు యజమానే గార్డు లేని మెషిన్ ఇచ్చి ఉంటే అది వేరే సంగతి. అందుకే గార్డు లేని మెషిన్ ఇస్తే, ఆ విషయం మేస్త్రీకో కాంట్రాక్టర్‌కో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఉంచుకోవడం మంచిది.

ఫ్యాక్టరీల్లో కదిలే యంత్ర భాగాలకి కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కానీ నలుగురు పని చేసే ఫ్లాట్ ఫ్యాక్టరీ కిందికి రాదు. అక్కడికి ఇన్‌స్పెక్టర్ రాడు. చూడాల్సింది మేస్త్రీ, కాంట్రాక్టర్, పని చేయించుకుంటున్న ఇంటి ఓనరే.

భవన నిర్మాణ పనుల్లో ఉన్న కార్పెంటర్లు, 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు ఉండి గత ఏడాదిలో కనీసం 90 రోజులు పని చేసి ఉంటే, రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. కార్డు లేనివాళ్లు దగ్గర్లోని లేబర్ ఆఫీసులో అడగండి.

ఇంటి ఓనర్లూ.. ఈ ఐదు విషయాలు అడగండి

రేటు, డిజైన్, ప్లైవుడ్ బ్రాండ్ గురించి గంటలు గంటలు మాట్లాడే ఓనర్లు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ ఐదు ప్రశ్నలు కూడా అడిగితే బాగుంటుంది.

* కటింగ్ ఎక్కడ చేస్తారు? షాపులోనా, సైట్‌లోనా?
* సైట్‌లో అయితే గార్డు ఉన్న మెషిన్ తెస్తారా?
* ప్లగ్, ఎర్త్, ఆర్‌సీసీబీ ఉన్నాయా?
* మెషిన్ మీద ఎవరు పని చేస్తారు? పని నేర్చుకుంటున్న కుర్రాళ్లని ఒంటరిగా వదలరుగా?
* ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఉందా? హాస్పిటల్‌కి తీసుకెళ్లడానికి బండి ఉందా?

గార్డు పెట్టి కోస్తే ఒక్కో ముక్కకి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. మొత్తం పని మీద ఒక రోజు ఆలస్యం అవుతుందేమో. ఆ ఒక్క రోజు ఇవ్వడానికి ఓనర్ ఒప్పుకుంటే, గార్డు బిగించడానికి మేస్త్రీకి అడ్డేం ఉండదు. వాడ్రోబ్ వారం లేటైనా వస్తుంది. పోయిన బొటనవేలు మాత్రం రాదు.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మెషిన్ వాడేముందు దానితో వచ్చిన మాన్యువల్ చదవండి. గాయమైతే వెంటనే డాక్టర్‌ని కలవండి. పరిహారం విషయంలో లేబర్ ఆఫీసుని లేదా లాయర్‌ని సంప్రదించండి.